బయానాకు ముందే బయటపడాలి

నంద్యాలలో ఇల్లు కొనేవారి వరుస చాలావరకు ఒకటే. ముందు ధర తెగాలి. తర్వాత సిద్ధాంతి వచ్చి ఈశాన్యం చూడాలి. ఆపైన మంచిరోజు చూసుకుని, నూరు రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించి బయానా ఇచ్చేస్తారు. దస్తావేజులు ఎవరి పేర ఉన్నాయి, ఆ స్థలం ఏ రకం భూమి, అమ్మేవారికి తోబుట్టువులు ఎందరు అన్న ప్రశ్నలు అప్పుడు గానీ మొదలు కావు. కొన్ని బేరాల్లో బ్యాంకు అడిగేదాకా అవి పుట్టనే పుట్టవు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయ్యాక నంద్యాల శివార్లలో వెంచర్లు పెరిగాయి. సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అదే 40వ నంబరు జాతీయ రహదారి మీదున్న ఆళ్లగడ్డలోనూ సెంటు లెక్కన స్థలాలు చేతులు మారుతున్నాయి. ఈ తొందరలో తారుమారైంది ధర కాదు, పనుల వరుస. ఇంటి బేరంలో కొనేవారికి రక్షణ దొరికేది రిజిస్ట్రేషన్ రోజున కాదు, బయానా ఇవ్వడానికి ముందున్న నాలుగైదు వారాల్లో. ఆ వారాలను వదులుకున్నవారు ఆ తర్వాత ఎంత జాగ్రత్తపడినా ఫలితం తక్కువ. అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది. ఆ వారాలను ముందుగా వాడుకున్నవారికే మంచి ధర వస్తుంది.

దీనికి కారణం మన చట్టాల నిర్మాణంలోనే ఉంది. అమ్మకపు ధరకూ ప్రభుత్వ విలువకూ ఏది ఎక్కువైతే దాని మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం కట్టినవారు ఆ సొమ్ముతో ప్రభుత్వం తమ హక్కుకు పూచీ పడిందని అనుకుంటారు. పడలేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది పత్రాన్ని, హక్కును కాదు. అమ్మినవారికి ఎంత హక్కు ఉంటే అంతే కొన్నవారికి వస్తుంది. అమ్మినవారికి సగమే ఉంటే, పుస్తకంలో ఇల్లంతా రాసినా వచ్చేది సగమే. తమిళనాడు నియమం ఒకదాన్ని కొట్టివేస్తూ 2025 ఏప్రిల్‌లో కె.గోపి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. అమ్మేవారికి హక్కు ఉందా లేదా అని విచారించే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు లేదని, ఆ కారణంతో రిజిస్ట్రేషన్ నిరాకరించరాదని చెప్పింది. అంటే కౌంటర్‌లో ఫోటో తీసి వేలిముద్రలు తీసుకునే అధికారి అమ్మేవారూ కొనేవారూ ఎవరో చూస్తారు గానీ, ఆ ఇల్లు ఎవరిదో చూడరు. ఎవరిదో చూసుకోవలసిన పని పూర్తిగా కొనేవారి మీదే ఉంది.

హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి లోకంలో లేకపోలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లో ప్రవేశపెట్టిన విధానంలో రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని. మన రాష్ట్రం కూడా ఆ దిశగా ఒక అడుగు వేసి వెనక్కి తీసుకుంది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన భూ హక్కుల చట్టం, వివాదాల పరిష్కారాన్ని సివిల్ కోర్టుల నుంచి తప్పించి అధికారుల చేతుల్లో పెడుతోందని న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024 ఎన్నికల్లో అది పెద్ద ప్రచారాంశమై, కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. దాని చరిత్ర మనకు చెప్పే ఆచరణాత్మక విషయం వేరే ఉంది. హక్కుకు ప్రభుత్వ పూచీ మన జీవితకాలపు బేరాల్లో దొరుకుతుందన్న ధీమాతో ఎవరూ ఇల్లు కొనలేరు. ఉన్న వ్యవస్థలోనే తమ పూచీని తామే కట్టుకోవాలి.

ఆ పూచీ కట్టుకునే పని బయానాకు ముందే ఎందుకు జరగాలి? డబ్బు చేతిలో ఉన్నంతవరకు కొనేవారిది పైచేయి. అడిగిన కాగితం అమ్మేవారు తెచ్చి చూపిస్తారు. ఐదు లక్షలు చేతులు మారాక అదే కాగితం కోసం ఇంటి చుట్టూ తిరగాలి. చట్టం దృష్టిలో కూడా బయానా కాగితం బలహీనమైనది. అమ్మకపు అగ్రిమెంటు వల్ల ఇంటి మీద యాజమాన్యం రాదు. దాన్ని అమలు చేయించమని అడిగే హక్కు మాత్రమే వస్తుంది, దానికీ మూడేళ్ల గడువు ఉంది. ఈలోగా అమ్మేవారు ఎక్కువ ధరకు మరొకరికి రిజిస్టర్ చేస్తే, ఆ రెండో వ్యక్తి మొదటి అగ్రిమెంటు సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నట్టు రుజువైతే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం అతన్నే కాపాడుతుంది. ఇక్కడే మన రాష్ట్రపు 1999 సవరణ విలువ తెలుస్తుంది. ఆ సవరణ అమ్మకపు అగ్రిమెంటుకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. జనం దాన్ని ఖర్చు కింద చూసి నోటరీతో సరిపెట్టుకుంటున్నారు. కానీ రిజిస్టరయిన అగ్రిమెంటు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో కనబడుతుంది, తర్వాత వచ్చే ప్రతి ఒక్కరికీ అది హెచ్చరిక. నోటరీ కాగితం బీరువాలో ఉంటుంది, ఎవరికీ కనబడదు. కాబట్టి పరిశీలన పూర్తయ్యేదాకా నామమాత్రపు టోకెను మాత్రమే ఇచ్చి, పత్రాల్లో లోపం తేలితే ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో రాయించుకుని, అంతా సరిగా ఉందని తేలాకే అసలు బయానా ఇచ్చి అగ్రిమెంటు రిజిస్టర్ చేయించుకోవడం సరైన వరుస. ఇంటిని ముందే స్వాధీనం చేసే అగ్రిమెంటు రాస్తే మాత్రం అమ్మకానికి కట్టినట్టే స్టాంపు డ్యూటీ పడుతుందని గుర్తుంచుకోవాలి.

ఆ నాలుగైదు వారాల్లో చూడవలసినవి ఎక్కువేమీ కావు, కానీ ఒక్కొక్కటి దేన్ని పట్టిస్తుందో, దేన్ని వదిలేస్తుందో తెలిసి చూడాలి. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందు లావాదేవీలకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి. పదమూడేళ్ల ఈసీతో సరిపెట్టుకోకుండా కనీసం ముప్పై ఏళ్లకు తీయించి, అందులోని ప్రతి లింకు డాక్యుమెంటునూ వరుసగా పక్కపక్కన పెట్టి చదవాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, చెక్కుబంది ఒక పత్రానికీ మరో పత్రానికీ మధ్య ఎక్కడ మారితే అక్కడే ఆగి కారణం అడగాలి. అయితే రిజిస్టరు కాని అప్పు ఈసీలో ఉండదు. అసలు దస్తావేజు తాకట్టు పెట్టి బ్యాంకులో తెచ్చిన అప్పు కొన్నిసార్లు కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో దొరుకుతుంది. ప్రైవేటు వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టిన దస్తావేజు అక్కడా కనబడదు. అందుకే జిరాక్సు చూసి ఒప్పుకోకుండా అసలు పత్రం చేతికి తీసుకుని చూడాలి. అసలు పోయిందంటే అది సాకో నిజమో తేలేదాకా బేరం ఆపాలి. కోర్టు దావాలు ఈసీలో కనబడకపోవచ్చు గనక అమ్మేవారి పేరుతో ఈ-కోర్టుల వెబ్‌సైటులో వెతకాలి. దావా నడుస్తుండగా కొన్నవారిని ఆ తీర్పు కట్టిపడేస్తుంది. చివరగా, ఆ ఇంట్లో ఉంటున్నవారితో నేరుగా మాట్లాడాలి. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇంట్లో ఉన్న వ్యక్తికి ఏ హక్కు ఉన్నా అది కొనేవారికి తెలిసినట్టే లెక్క. అడగలేదన్న సమాధానం చెల్లదు.

మన ప్రాంతంలో కాగితాల కంటే ముందు భూమి స్వభావం తేలాలి. నంద్యాల, ఆళ్లగడ్డల చుట్టూ ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, వంక పోరంబోకులు పట్టా భూముల మధ్యనే కలిసి ఉన్నాయి. వీటిలో చాలావాటిని రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద నిషేధిత జాబితాలో పెట్టారు. సర్వే నంబరు కొట్టి ఆ జాబితాను ఎవరైనా చూసుకోవచ్చు. జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రతి సెంటూ ప్రభుత్వానిదని కాదు. పెద్ద సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా నంబరు మొత్తం జాబితాకెక్కిన సందర్భాలు ఉన్నాయి. కానీ దాన్ని సరిచేయించుకోవలసింది అమ్మేవారు, అదీ అమ్మకానికి ముందు. పేదలకిచ్చిన అసైన్డు స్థలాల అమ్మకాలను 1977 చట్టం నిషేధించింది. తర్వాతి సవరణలు గడువు దాటినవాటికి మినహాయింపులు ఇచ్చినా ఆ గడువులూ షరతులూ ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి. అలాంటి ఇంటిని నోటరీ కాగితం మీద చౌకగా కొన్నవారు చౌకగా కొన్నది ఒక వివాదాన్ని. పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరున్న చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములకు 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఇక పాత ఊరి గ్రామకంఠంలోని ఇళ్లకు పట్టా గానీ పాస్‌బుక్కు గానీ ఉండదు. అక్కడ హక్కు తరతరాల అనుభవం మీద, పాత దస్తావేజుల మీద నిలబడుతుంది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఆ అనుభవానికి సాక్ష్యాలే తప్ప హక్కుపత్రాలు కావు.

కొత్త వెంచర్లలో ప్రశ్న కాస్త మారుతుంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటయినా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటయినా 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావాలి. ధరలో పదో వంతు మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయాలి. కొన్నవారి డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. నిర్మాణ లోపాలకు ఐదేళ్లు బిల్డరే బాధ్యుడు. ఈ రక్షణలన్నీ రెరా నంబరు ఉన్న వెంచరుకే సులభంగా అందుతాయి. అనుమతి లేని లేఅవుటులో స్థలం కొని ‘ఎలాగూ ఎల్ఆర్ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ పథకం) వస్తుందిలే’ అనుకోవడం అలవాటైంది. 2020 నాటి క్రమబద్ధీకరణ నియమాలను 2025లో మళ్లీ పొడిగించారు గనక ఆ ఆశ మరీ నిరాధారం కాదు. కానీ క్రమబద్ధీకరణ లేఅవుటు లోపాన్ని సరిదిద్దుతుంది, హక్కు లోపాన్ని కాదు. దాని రుసుము ఎవరు కట్టాలన్నది ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి.

చాలా దావాలకు మూలమైన విషయం కుటుంబంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది, అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చిందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ‘పెళ్లప్పుడే పసుపుకుంకుమ కింద ఇచ్చేశాం, ఆడపిల్లలకేం సంబంధం’ అన్న మాట మీద అన్నదమ్ములు మాత్రమే సంతకాలు చేసే అమ్మకాలు ఇంకా ఆగలేదు. పెళ్లిలో ఇచ్చిన బంగారం చట్టం దృష్టిలో హక్కు విడుదల కాదు. విడుదల కావాలంటే రిజిస్టరు దస్తావేజు కావాలి. తాతల నాటి ఇల్లయితే తండ్రి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందులోని ప్రతి పేరూ అమ్మకపు దస్తావేజులో గానీ విడుదల దస్తావేజులో గానీ ఉందా అని సరిచూడాలి. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా సంరక్షకుడు అమ్మిన అమ్మకాన్ని ఆ పిల్లవాడు మేజరయ్యాక రద్దు చేయించవచ్చు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నవారి తరఫున జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పట్టుకుని వచ్చేవారి విషయంలో, జీపీఏ ఇచ్చిన వ్యక్తి ఈ రోజుకు బతికి ఉన్నారా అన్నది మొదటి ప్రశ్న. యజమాని మరణంతో ఆ అధికారం సాధారణంగా ముగుస్తుంది. జీపీఏ మీదే ఇల్లు ‘కొనుక్కోవడం’ అసలు కొనుగోలే కాదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కాగితాల్లో కనబడని లోపాలు నేలలో ఉంటాయి. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ లోయలోని నేల చాలావరకు నల్లరేగడి. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఈ నేల మీద లోతులేని పునాదులతో కట్టిన ఇంటికి కిటికీ మూలల నుంచి వాలుగా పగుళ్లు వస్తాయి. కొత్త రంగు వాటిని ఒక ఏడాది దాస్తుంది. పునాది ఎంత లోతు, ప్లింతు బీము వేశారా అని మేస్త్రీని గానీ ఇంజినీరును గానీ పెట్టి చూపించుకోవడానికి అయ్యే ఖర్చు సిద్ధాంతికిచ్చే దక్షిణకన్నా మరీ ఎక్కువేం కాదు. 2019 సెప్టెంబరు వానలకు కుందూ, వాగులు పొంగి నంద్యాల ప్రాంతం అతలాకుతలమైంది, మహానంది ఆలయంలోకీ నీళ్లు వచ్చాయి. నంద్యాలలో కుందూ, చామకాలువ, ఆళ్లగడ్డలో వక్కిలేరు దగ్గర్లోని ఇంటిని వేసవిలో చూసి బయానా ఇవ్వడం సగం చూసినట్టే. పెద్ద వాన పడిన మర్నాడు వీధిలో నడిచి, ఆ ఏడాది నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇరుగుపొరుగును అడిగితే ఏ పత్రం చెప్పని సంగతి తెలుస్తుంది.

ఇక అందరూ లాభమనుకునే అలవాటు ఒకటుంది, తక్కువ విలువకు రిజిస్టర్ చేసుకుని మిగతాది నగదుగా ఇవ్వడం. లెక్క వేసి చూద్దాం. 60 లక్షల ఇంటిని ప్రభుత్వ విలువ 35 లక్షలకే రిజిస్టర్ చేస్తే 25 లక్షల మీద 7.5 శాతం, అంటే 1,87,500 రూపాయలు మిగిలినట్టు కనబడుతుంది. రేపు ఆ ఇంటిని పూర్తి ధర చూపి అమ్మినప్పుడు కొన్న ధర 35 లక్షలే అవుతుంది. 2024 జులై 23 తర్వాత కొన్న ఇళ్లకు ద్రవ్యోల్బణపు సర్దుబాటు లేదు, దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. దాచిన 25 లక్షలూ లాభంగా లెక్కకొచ్చి 3,12,500 రూపాయల పన్ను పడుతుంది. అమ్మిన డబ్బుతో గడువులోపు మరో ఇల్లు కొంటే మినహాయింపు ఉండవచ్చు, కానీ ఆ అవకాశం మీద ఆధారపడి నష్టాన్ని కొని తెచ్చుకోవడం తెలివి కాదు. హక్కు వివాదంలో ఇల్లు చేజారితే అమ్మినవారి నుంచి రాబట్టుకోగలిగేది కూడా కాగితం మీది 35 లక్షలే. అమ్మేవారికీ ముప్పు ఉంది. స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు. రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామంటూ దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది. బయానా నగదుగా ఇచ్చినవారు దాన్ని వసూలు చేసుకోవడానికి కోర్టుకెక్కడమే ఇప్పుడు తమ మీద తాము ఫిర్యాదు చేసుకోవడం.

బయానాకు ముందే అన్నీ చూసుకోవాలన్న మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు తేలికగా తోసేయదగ్గవి కావు. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, పెద్దమనుషుల ముందు మాటైంది, ఇన్ని కాగితాలడిగితే అవమానించినట్టు కాదా అంటారు. చిన్న పట్టణాల్లో నమ్మకం నిజంగానే పెద్ద పెట్టుబడి. కానీ పెద్దమనుషులు పూచీ పడేది మనిషి మాటకు. ఆ మనిషికే తెలియని పాత తాకట్టుకు, నలభై ఏళ్ల కిందటి భాగపరిష్కారంలోని తప్పుకు వారు పూచీ పడలేరు. అమ్మినవారు మంచివారైనా వారి వారసులు వేసే దావాను అది ఆపలేదు. బ్యాంకు రుణమిచ్చిందంటే పత్రాలు సరిగా ఉన్నట్టే కదా అన్నది రెండో వాదన. బ్యాంకు న్యాయవాది చూసేది అప్పు తిరిగొస్తుందా అన్న కోణంలో. ఇల్లు పోయినా వాయిదాలు కట్టవలసింది రుణగ్రహీతే. పైగా ఆ పరిశీలన సాధారణంగా బయానా ఇచ్చాకే జరుగుతుంది. మూడోది అసలైన అభ్యంతరం. నెలరోజులు పత్రాలు చూస్తూ కూర్చుంటే ఇంకొకరు ఎగరేసుకుపోతారు. నిజమే, కొన్ని ఇళ్లు అలా పోతాయి. అయితే పత్రాలు చూడనివ్వకుండా తొందరపెట్టే బేరాల్లో ఆ తొందర ఎందుకన్నది కూడా ఆలోచించాలి. సమయం కావాలంటే టోకెనుతో కొనుక్కోవచ్చు. అడిగిన ఆ గడువు కూడా ఇవ్వని ఇంటిని వదులుకోవడం నష్టం కాదు.

ఈ అభ్యంతరానికి మెరుగైన జవాబు అమ్మేవారి చేతిలో ఉంది. కొనేవారు నెలరోజులు చేసే వెతుకులాటను అమ్మేవారు అమ్మకానికి పెట్టకముందే చేసి ఉంచుకుంటే ఆ నెల వారమవుతుంది. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాను అనుమతి, కట్టేసిన పన్నుల రసీదులు, అక్కచెల్లెళ్ల విడుదల దస్తావేజు, తీరిన అప్పుకు బ్యాంకు ఇచ్చిన తాకట్టు రద్దు పత్రం ఒక ఫైలుగా ఉంటే బేరమాడే శక్తి వారిదే. దాచడం లాభమనే లెక్క చట్టం ముందు నిలవదు. తనకు తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని లోపాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అమ్మేవారి మీద బాధ్యత పెట్టింది. అమ్మకం నాటికి ఉన్న పన్ను బకాయిలు కూడా, వేరే ఒప్పందం లేకపోతే, వారివే. కాబట్టి లోపం ఉంటే దాన్ని ముందే చెప్పి ధరలో సర్దుకోవడం అమ్మేవారికి చవక. అది తర్వాత బయటపడితే డబ్బు వెనక్కివ్వడంతో పాటు కోర్టు ఖర్చులూ మీద పడతాయి.

ప్రభుత్వం చేయవలసింది ఏమీ లేదని దీని అర్థం కాదు. 1983కు ముందరి రికార్డులను కంప్యూటరుకెక్కించడం, 22-ఎ జాబితాలో మొత్తంగా ఇరుక్కున్న సర్వే నంబర్లను సబ్‌డివిజన్ల వారీగా విడదీయడం, దావాలనూ కోర్టు జప్తులనూ ఈసీతో కలిపి చూపించడం జరిగితే కొనేవారి ఖర్చూ కాలమూ బాగా తగ్గుతాయి. ఇవేవీ ఒక్కరోజులో వచ్చేవి కావు. ఈలోగా నంద్యాల, ఆళ్లగడ్డల్లో కొనేవారూ అమ్మేవారూ తమంతట తాము మార్చుకోగలిగినది పనుల వరుసే. భూమి స్వభావం, పత్రాలు, వారసులు, నేల, ఆ తర్వాతే ధర, చివరికి బయానా. ధర బేరంలో తగ్గేది లక్షో రెండు లక్షలో. ఈ వరుస తప్పితే పోయేది ఇంటి మొత్తం విలువ, దానితో పాటు కోర్టు మెట్లెక్కే సంవత్సరాలు. అందుకే బేరంలో గట్టిగా పట్టుబట్టవలసింది ధర దగ్గర కాదు, పత్రాలు చూపించమని అడిగే దగ్గర.